పాత డీజిలు బండి, మన దుమ్ము, మన నీరు

మన సంఘ సభ్యులలో పాత డీజిలు పికప్ బండ్లు కలవారు కొందఱు ఈ నడుమ నాయొద్దకు వచ్చి, "అయ్యా, దీనిని అమ్మివేసి అప్పుచేసి క్రొత్తది కొందుమా, లేక దీనినే బాగుచేసికొందుమా?" అని అడుగుచున్నారు. నేను వ్యవసాయ ప్రదర్శకుఁడనే కాని యంత్రశాస్త్రజ్ఞుఁడను కాను. విత్తనమును గూర్చియు ఎరువును గూర్చియు నన్నడుగవలసినవారు బండిని గూర్చి యడుగుటకు కారణము వేఱొకటి కాదు. పదునాలుగేండ్లుగా ఒక పాత బండిని మా యింటి ముంగిట వేపచెట్టు క్రింద నేను విప్పుచు బిగించుచు నుండుట వారు చూచియున్నారు. ఆ చెట్టు క్రింద చేసిన పనులలో తెలివైనవి కొన్ని, తెలివితక్కువవి కొన్ని కలవు. రెంటిని దాఁచక చెప్పెదను.

మొదట ఒక పుకారును తొలఁగింపవలసియున్నది. పదునైదేండ్లు నిండిన ప్రతి బండిని ప్రభుత్వమువారు పట్టుకొని తుక్కు చేయుదురని సంతలలో చెప్పుకొనుచున్నారు. ఈ భయముచేతనే ఒక రైతు నడుచుచున్న బండిని ఇనుపసామానుల వెలకు అమ్ముకొనుట నేనెఱుఁగుదును. 2023 ఏప్రిల్ నుండి పదునైదేండ్లు దాఁటఁగానే తప్పక తుక్కు చేయవలసినవిగా నిర్ణయింపఁబడినవి ప్రభుత్వముయొక్క సొంత వాహనములు. పదేండ్ల డీజిలు బండ్లను గూర్చి 2015 లో హరిత న్యాయస్థానమువారు చేసిన ఉత్తరువు ఢిల్లీ ప్రాంతమునకు సంబంధించినది. ఎర్రగుంట్లకు దానితో పని లేదు. సరకుల బండికి ఎనిమిదేండ్లు దాఁటిన పిమ్మట ఏటేట యోగ్యతా పరీక్ష కలదు. పదునైదేండ్లు దాఁటినచో ఆ పరీక్ష రుసుము 2022 నుండి ఎక్కువ చేయఁబడినది. కాఁబట్టి వయసును గూర్చి భయపడుట కంటె, బండి ఆ పరీక్షకు న్యాయముగా నిలుచునా లేదా యనునది చూచుకొనుట మేలు.

నా యభిప్రాయమిది. మన సున్నపురాతి సీమలో పాత బండి ముసలితనముచేత చచ్చుట అరుదు. అది మన దుమ్ముచేతను, మన బోరు నీటిచేతను చచ్చుచున్నది. ఆ రెంటిని అడ్డగించు పని రైతు తన యింటనే చేసికొనఁదగినది. దానిని మాని, బండికి బలము పెంచవలెనని సొమ్ము పోయుచున్నాము.

నేను చెప్పునది పాత పద్ధతి పంపు గల ఇంజనులను గూర్చి మాత్రమే. 1980 దశకమునుండి మహీంద్రా జీపులలో ఫ్రాన్సు దేశపు పెజో నమూనా గల 2,112 ఘన సెంటీమీటర్ల డీజిలు ఇంజను వచ్చుచుండెను. అటువంటివి, టాటావారి పాత 207 వంటివి మన పల్లెలలో నేఁటికిని తిరుగుచున్నవి. వానిలో గణనయంత్రము లేదు, పానాలతో విప్పఁదగినవి. తరువాత వచ్చిన కామన్ రైలు ఇంజనులలో డీజిలు వేయి వాతావరణముల పీడనమును మించి నడుచును. ఇంజను నడుచుచుండఁగా వాని గొట్టములను ఇంటిలో వదులు చేయువాఁడు ప్రాణముతో చెలగాటమాడుచున్నాఁడు.

ఇఁక దుమ్ము సంగతి. డీజిలు ఇంజనునకు నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. గాలిని ఇరువదవ వంతునకు దగ్గఱగా అదుముటచేత పుట్టిన వేఁడిమికే చమురు మండును. 1897 లో జర్మనీలోని ఔగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిలు నడపి చూపిన ఇంజనునకు మూలసూత్రమిదియే. గాలి గట్టిగా అదుమఁబడవలెనన్న పిస్టను రింగులు సిలిండరు గోడను చక్కగా అంటియుండవలెను. రెండు లీటర్ల ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునపుడు రెండువేల లీటర్లకు దగ్గఱగా గాలి పీల్చును. ఆ గాలి ఎక్కడిది? సిమెంటు లారీల వెనుకను, నాపరాతి పాలిషు కర్మాగారముల ప్రక్కను, మన తోఁటల మట్టిబాటలమీఁదను లేచునది. సున్నపురాయి మెత్తనిది; దానిచే వచ్చు హాని కొంచెమే. నేలమట్టిలోని పలుగురాతి పొడి ఇనుముకంటె కఱకు. అది లోపలికి పోయినచో రింగులను ఆకురాయివలె అరగఁదీయును. అపుడు తెల్లవారి బండి లేవదు, చమురు పోయు మూఁత తీసినచో పొగ గ్రుక్కలు గ్రుక్కలుగా వచ్చును, మేస్త్రి "ఇంజను పని అయిపోయినది" అనును.

చాలమంది ఫిల్టరును మార్చుచునే యున్నారు. అయినను దుమ్ము పోవుచున్నదేల? ఫిల్టరునకును ఇంజనునకును నడుమ నుండు రబ్బరు గొట్టమును ఎవరును చూడరు గనుక. మన యెండకు అది మడతలలో పగులును. అక్కడ పీల్చిన గాలికి ఫిల్టరుతో సంబంధమే లేదు. ఇంజను ఆపి, ఆ గొట్టమును ఊడఁదీసి, లోపల తెల్లని గుడ్డతో తుడిచి చూడుఁడు. గుడ్డకు మట్టి అంటినచో ఎక్కడనో కన్నమున్నదని అర్థము. ఈ పరీక్షకు ఒక దమ్మిడీ ఖర్చు లేదు. నా బండికి నేనిది చేసినది కొన్న మూఁడవయేట. మొదటి వారముననే చేసియుండినచో ఒక జత రింగులు మిగిలియుండెడివి.

కాగితపు ఫిల్టరును రాతికేసి కొట్టి దులుపువారు కలరు. దానివలన కాగితము చిట్లును. వెలుతురునకు పట్టి చూచి, చిల్లులున్నచో పాఱవేయుటయే. నూనె తొట్టి గల పాత ఫిల్టరు మన దుమ్మునకు మంచిదే కాని, తొట్టి అడుగున బురద చేరఁగానే నూనె మార్చవలెను. గీఁతకు మించి పోయరాదు. ఎక్కువైన నూనెను ఇంజను పీల్చుకొని, తాళముచెవి త్రిప్పినను ఆగక పరుగెత్తిన సందర్భములు కలవు.

నీటి సంగతి ఇంతకంటె ముఖ్యము. స్నానమునకు నీళ్లు కాఁచు అండాలో తెల్లని పెచ్చు కట్టుట మన యిండ్లలో ఎఱుఁగనివారెవరు? సున్నపురాతిపొరలలో ఊరిన నీటిలో సున్నము కరగియుండును. వేఁడి తగిలినపుడు అది విడివడి పాత్రకు పట్టును. అదే నీటిని రేడియేటరులో పోసి, తగ్గినపుడెల్ల మరల అదే పోయుచుందుము. అండాలో పట్టినట్లే ఇంజను లోపలి నీటిదారులలోను, రేడియేటరు సన్నగొట్టములలోను పెచ్చు కట్టును. పెచ్చు వేఁడిని బయటికి పోనీయదు. ముద్దనూరు వఱకు బాగుగా నడచిన బండి, చీనీకాయల బరువుతో మే నెల మధ్యాహ్నమున ఉడికి నిలుచును. హెడ్డు వంగును, గ్యాస్కెట్టు పోవును, నీరు చమురులో కలసి మజ్జిగవలె తెల్లఁబడును. ఇంత నష్టమునకు మూలము ఒక బిందెఁడు బోరు నీరు!

దీనికి ఇంటి వైద్యము కలదు. ఇంజను పూర్తిగా చల్లారిన పిదప నీరు తీసివేసి, ఇత్తడి రేడియేటరైనచో దానిని విప్పి, వంటలలో వాడు నిమ్మఉప్పును గోరువెచ్చని నీటిలో కరగించి నింపి ఒక రాత్రి ఉంచవలెను. ఉదయము వంపినపుడు వచ్చు నీటిని చూచినవారు మరల బోరు నీరు పోయరు. పిదప మంచి నీటితో రెండు మూఁడు మారులు, క్రింది గొట్టమునుండి పైకి, అనఁగా నీరు మామూలుగా పాఱు దారికి ఎదురుగా, కడుగవలెను. అల్యూమినియము భాగములకు ఈ పులుసు తగులుట మంచిది కాదు గనుక రేడియేటరును విప్పియే చేయుమనుచున్నాను. తరువాత పోయవలసినది కూలెంటును శుద్ధజలమును సమముగా కలిపిన నీరు. శుద్ధజలము దొరకనిచో, మొదటి రెండు జల్లులు పోయిన పిదప మిద్దెమీఁదినుండి పట్టి గుడ్డతో వడగట్టిన వాననీరైనను మేలే. వేఁడిగా నున్న ఇంజను మూఁత తీయఁబోయి ముఖము కాల్చుకొన్నవారిని మన ఆసుపత్రులలో చూచియున్నాము, వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇచట ఒక దురాచారమును ఖండింపవలసియున్నది. బండి వేఁడెక్కుచున్నదనఁగానే థర్మోస్టాటును తీసి పాఱవేయుట మన షెడ్లలో పరిపాటియైపోయినది. అది తీసినచో ఇంజను చలికాలమున ఎప్పటికిని తగినంత వేఁడెక్కదు. చమురు ఎక్కువ త్రాగును. సిలిండరు త్వరగా అరుగును. థర్మోస్టాటు చెడినదో లేదో తెలియవలెనన్న ఒక గిన్నెలో నీళ్లు కాఁచి అందులో వేయుఁడు. ఇంచుమించు 80 డిగ్రీలయొద్ద నోరు తెఱచుట ఆరంభించినచో అది మంచిది. తెఱవనిచో క్రొత్తది కొనుఁడు.

డీజిలును గూర్చి క్లుప్తముగా చెప్పెదను. 2020 ఏప్రిల్ నుండి దేశమంతట అమ్ముచున్న డీజిలులో గంధకము పదిలక్షలకు పది పాళ్లు మించదు. గంధకము తీసివేయు పనిలో డీజిలునకు సహజమైన జిడ్డుగుణము కొంత పోవును. ఆ లోపము తీర్చు మందును చమురు కంపెనీలవారే కలుపుచున్నారు. కావున పంపునకు మేలని వాడిన ఇంజనాయిలును టాంకిలో పోయుట అజ్ఞానము. కిరసనాయిలు కలుపుట అంతకంటె అజ్ఞానము. మన యిండ్లలో డ్రమ్ములలో నిలువయుంచు డీజిలే అసలు శత్రువు. రాత్రి చల్లదనమునకు డ్రమ్ములో చెమ్మ పట్టి అడుగున నీరు చేరును. డ్రమ్మును ఒకదినము కదల్చక, అడుగు నాలుగంగుళములు విడిచి, పైనుండి తోడుకొనుఁడు. ఫిల్టరు మార్చినపుడు చేతిపంపుతో కొట్టుచు, గాలి మరను కొంచెము వదులు చేసి, బుడగలు లేని చమురు వచ్చువఱకు విడువవలెను. ఈ పని తెలియక బండిని తాళ్లతో లాగించుకొని పట్టణమునకు పోయినవారు కలరు.

పంపును మాత్రము ఇంటిలో విప్పవద్దు. ఆ పంపులమీఁద మైకో యని యుండును. 1951 లో బెంగుళూరున నెలకొల్పఁబడిన ఆ సంస్థ 2008 నుండి బాష్ అను పేర నడుచుచున్నది. పంపులోని కమ్మికిని దాని గొట్టమునకును నడుమ సందు మిల్లీమీటరులో వెయ్యవ వంతులు రెండు మూఁడు మాత్రమే. మన వేపచెట్టు క్రింది గాలిలో ఎగురు ఒక దుమ్ము రేణువు దానిని పాడుచేయఁ జాలును. దానికి గాజుతలుపుల గదియు, పరీక్షబల్లయు కల మేస్త్రి వేఱుగా కలఁడు. నాజిలు చిమ్ము ధార క్రింద వ్రేలు పెట్టి చూచుట అత్యంత ప్రమాదకరము. ఆ ధార చర్మమును చీల్చుకొని లోపలికి పోవును. గాయము సూదిపోటంతయే కనఁబడును, కాని వ్రేలు తీసివేయవలసి రావచ్చును.

ఇపుడు నా తెలివితక్కువ పని.

2019 వేసవికి ముందు నా బండి చక్కగానే యుండెను. దానికి ఇంకను బలము కావలెనని నాకు తోఁచినది. ఒక షెడ్డులో పంపు మరను త్రిప్పించి చమురు ఎక్కువ పోవునట్లు చేయించితిని. వెనుక కమాను కట్టలకు ఒక్కొక పట్టీ చేర్పించితిని. బండి ఎత్తున చుఱుకుగా ఎక్కుచుండెను, నేను సంతోషించితిని. వెనుక నల్లని పొగ వచ్చుచుండెను; దానిని బలమునకు గుర్తనుకొంటిని. నల్లని పొగ అనఁగా గాలి చాలక మండని చమురు. మన జేబులోని సొమ్మే పొగగొట్టము గుండ పోవుచున్నదని అపుడు నాకు తెలియదు.

ఆ మే నెలలో రాయచోటినుండి మామిడికాయల పెట్టెలు, మునుపు వేయు బరువునకు ఒకటిన్నర రెట్లు, ఎక్కించుకొని కడపకు దిగుచుంటిని. ప్రక్కన మా అక్క కుమారుఁడు కూర్చుండెను. గువ్వలచెరువు ఘాటు దిగుచుండఁగా మూఁడవ మలుపు దాఁటిన పిదప బ్రేకు పెడలు మెత్తఁబడెను. తరువాతి మలుపునొద్ద అది క్రింది రేకు వఱకు పోయెను. "మామా, ఏమి నిలవదే?" అని వాఁడు అఱచెను. నేను రెండవ గేరులో వేసి, చేతిబ్రేకు కొంచెము కొంచెముగా లాగుచు, కొండవైపు మట్టికట్టకు బండి ప్రక్కను రాచి ఆపితిని. ఎదురుగా లారీ వచ్చియుండినచో ఈ వ్యాసము వ్రాయువాఁడు మఱియొకఁడు కావలసియుండెడిది. పెట్టెలు కొన్ని పడినవి. మా వాఁడు దిగి రోడ్డు ప్రక్క కూర్చుండి చాలసేపు మాటాడలేదు. ఇంటికి పోయిన పిదప మా అక్క నాతో మాటాడలేదు.

కారణమును తరువాత వెదకితిని. బ్రేకు నూనె ఆఱేండ్లుగా మార్చలేదు. ఆ నూనె గాలిలోని చెమ్మను పీల్చుకొను గుణము కలది. డాట్ 3 తరగతి నూనె క్రొత్తగా నున్నపుడు కనీసము 205 డిగ్రీల వఱకు మరగకుండ నిలువవలెను. చెమ్మ పట్టిన నూనెకు ఆ ప్రమాణము 140 డిగ్రీలే. ఘాటులో పదేపదే తొక్కిన బ్రేకుల వేఁడికి నూనె మరగి ఆవిరి బుడగలు పుట్టును. నూనె అణఁగదు, ఆవిరి అణఁగును. పెడలు నొక్కినచో బుడగ నలుగునే కాని బ్రేకు పడదు. కమానునకు పట్టీ చేర్చితిని. బ్రేకునకు ఏమి చేర్చితిని? ఇంజనునకు బలమిచ్చితిని, ఆపుటకు బలమిచ్చితినా? ఈ ప్రశ్న ఘాటు ఎక్కకముందే అడుగుకొనవలసినది.

కావున బండిని మెఱుగుపఱచుట యనఁగా నా దృష్టిలో నిది: రెండేండ్ల కొకసారి బ్రేకు నూనె మార్చుట, పగిలిన బ్రేకు హోసులను, అరగిన లైనింగులను వేయించుట, డీజిలు ఫిల్టరునకు ముందు నీటిని వేఱుచేయు మఱియొక ఫిల్టరు పెట్టుట, చమురు పీడనమును, నీటి వేఁడిని చూపు గేజీలు పనిచేయునట్లు చేయుట, ముందు దీపములకు రిలే పెట్టి తీఁగెలు మార్చుట. ఈ చివరి దానివలన పాత బండి దీపము ఎంత తెల్లనగునో చూచినవారికే తెలియును. తక్కిన హంగులన్నియు దీని తరువాతివి. టర్బో తగిలించెదమని చెప్పువారికి నా మనవి ఏమనఁగా, దానికై చేయని పిస్టన్లకు ఆ వేఁడి ఓర్చుట కష్టము. పైఁగా 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. ప్రమాదము జరిగినపుడు భీమా కంపెనీవారు మొదట వెదకునది అట్టి లోపమునే.

పాత బ్రేకు లైనింగులలో రాతినార యుండవచ్చును. డ్రమ్మును విప్పినపుడు ఆ పొడిని నోటితో ఊదరాదు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పూడ్చిపెట్టవలెను. ఒక్క జాకీమీఁద నిలిపిన బండి క్రిందికి దూరరాదు. తీసిన పాత ఇంజనాయిలును గట్టుమీఁద కలుపు చచ్చునని పోయుచున్నారు. కలుపుతోపాటు నేలయు చచ్చును. ఇది నేను నా ఉద్యోగధర్మముగా చెప్పుచున్నాను.

"ఎవరి పని వారిది, రైతు మేస్త్రి పని చేయనేల?" అని కొందఱు పెద్దలు నాతో వాదించిరి. ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని నాగలి కఱ్ఱు వంగినపుడెల్ల మన తాతలు కమ్మరియొద్దకు పోయిరా? మేకు బిగించుట, త్రాడు మార్చుట ఇంటిలోనే చేసికొని, నిప్పు పని ఉన్నపుడే పోయిరి. బండి విషయమున నేను చెప్పునది ఆ హద్దే. క్రొత్త పికప్ బండి నేఁడు పది లక్షల రూపాయలకు అటునిటుగా నున్నది. వానలు తప్పిన యేఁడు ఆ వాయిదాలు ఎట్లు కట్టుదురో మన సంఘపు లెక్కలు వ్రాయువారికి తెలియనిది కాదు. చట్రము తుప్పు పట్టి చిల్లులుపడిన బండిని మాత్రము నేను నిలుపుమనను. దానికి పెట్టిన ప్రతి రూపాయియు వృథా.

ఇందులో సంఘము చేయఁదగినది ఒకటి కలదు. మందు చల్లు యంత్రములను అద్దెకిచ్చునట్లే, కంప్రెషను గేజి, కొలతతో బిగించు టార్కు పానా, నాజిలు పరీక్షించు చేతిపంపు, బండి నిలుపు ఇనుపకాళ్లు నాలుగు, ఇవి కొని ఉంచవలెను. ఒక్కొక రైతు ఏఁటికి రెండు మారులు వాడు వస్తువులను ఒక్కొకరు కొనుట దండుగ. గత సమావేశమున ఈ మాట తెచ్చినపుడు, "పానాలు పోవును, విఱుగును" అని ఆక్షేపించిరి. నేను చదివిన మిషను పాఠశాలలో వడ్రంగము నేర్పు గదియొకటి యుండెను. గోడమీఁది పలకపై ప్రతి పనిముట్టు ఆకారము నల్లరంగుతో గీయఁబడి యుండెడిది. సాయంత్రము ఏ నల్లని నీడ ఖాళీగా నున్నను, ఆ పనిముట్టు దొరకువఱకు మమ్ము ఇంటికి విడిచెడివారు కారు. నా చదువుకాలములో ఒక్క ఉలియు పోలేదు. మన కార్యాలయపు గోడకు అట్టి పలక వేయుటకు ఒక దినము పని. అది నేనే చేయుదును.

సంఘమువారు నిశ్చయించులోపల నా సొంత కంప్రెషను గేజిని కార్యదర్శిగారి యొద్ద ఉంచితిని. కావలసినవారు పుస్తకములో పేరు వ్రాసి తీసికొనిపోవచ్చును. దాని హోసు చివర చిన్న రబ్బరు ఉంగరము కలదు. అది ఎర్రగుంట్లలో దొరకుట లేదు, ప్రొద్దుటూరు పోవలసివచ్చినది. పోఁగొట్టక తిరిగి యీయుఁడు.